మూడో వాక్యానికి ఆధారం

ఆ వాక్యం నేను రాసిందే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అప్పట్లో ఈ ఒక్క ముక్క ఒప్పుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటాక ఆరేడేళ్ళకు జరిగిన సంగతి. టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. ఆదివారం వస్తే బస్సెక్కి కొత్తగూడెం పోయి, ఇంటర్నెట్ సెంటర్లో మూల కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. ఆన్‌లైన్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి అప్పుడప్పుడే పెరుగుతోంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దవచ్చు. జీతం భత్యం లేవు. "జీతమిచ్చే బడికేమో మాసిన గడ్డంతోని పోతరు, పైసా ఇయ్యని కాడికి తయారై పోతరు" అని మా ఇంటావిడ దెప్పేది. నిజమే. అక్కడ నాకొక పెద్దరికం ఉండేది.

ఆ పెద్దరికం ఆధారాల విషయంలో వచ్చింది. ప్రతి వ్యాసం వెనక ఒక చర్చా పేజీ ఉంటుంది, వాదనలన్నీ అక్కడ. "మా తాత చెప్పాడు" అని ఎవరైనా రాస్తే నాకు ఒళ్ళు మండేది. అచ్చులో వచ్చిందే ఆధారం, నోటిమాట ఆధారం కాదు అని పేరాలకు పేరాలు రాసి, నలుగురి చేత ఒప్పించి, దాన్ని నియమంగా పెట్టించాను. కొత్తగా వచ్చిన వాళ్ళు తమ ఊరి గురించి ఇష్టంగా రాసుకున్న వాక్యాలను నిర్దాక్షిణ్యంగా తీసేసేవాణ్ణి. ఒకాయన నొచ్చుకుని మళ్ళీ రాలేదు. నేనేమీ బాధపడలేదు.

నేను పెట్టిన వ్యాసాల్లో మా బడికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న కోయ గూడెం ఒకటి. ఆ గూడెం మొదట వాగు అవతల ఉండేదట. ఇవతలికి ఎందుకు వచ్చిందో మూడో వాక్యంలో రాశాను: కలరా వచ్చినప్పుడు జనం రోగులను వదిలేసి వాగు దాటి వచ్చారని. ఇది నాకు బస్సులో పక్కన కూర్చున్న ఒక రిటైరైన ఉద్యోగి చెప్పాడు. ఆ గూడేనికి నేను అప్పటికి ఒక్కసారి కూడా పోలేదు. నాలుగు మైళ్ళు నడవడానికి బద్ధకించి, ఇరవై మైళ్ళ అవతల కూర్చుని వాళ్ళ చరిత్ర రాశాను.

కొన్నాళ్ళకు ఎవరో ఆ వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అని గుర్తు పెట్టారు. నియమం పెట్టించిన వాడి వ్యాసానికే ఆ గుర్తు. తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే మా మండల విలేకరి ఎదురుపడి, జిల్లా పేజీకి ఊళ్ళ చరిత్రలు కావాలన్నాడు. నా వ్యాసం ప్రింటు తీసి ఇచ్చాను. పది రోజుల్లో నా మాటలు మక్కికి మక్కి పేపర్లో వచ్చాయి. ఆ ఆదివారమే పోయి, మూడో వాక్యానికి ఆ పేపరును ఆధారంగా చూపించి గుర్తు తీసేశాను. నా మాటకు నా మాటే సాక్ష్యం. అది మోసమని తోచలేదంటే అబద్ధం. తోచింది, తోసేశాను.

ఆ వానాకాలం తొమ్మిదో తరగతి పిల్లలకు "మా ఊరి చరిత్ర" అని చార్టులు వేయమన్నాను. ఆ గూడెం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ముత్యాల్లాంటి అక్షరాలు. తను పేపర్లోంచి మూడో వాక్యం కూడా చార్టు మీదికి ఎక్కించింది. నేను బాగుందని సంతకం పెట్టాను.

రెండు రోజులకు ఆ పిల్ల నాయనమ్మ బడికి వచ్చింది. వెంట ఇంకా ముసలివాడైన ఒక మనిషి, ఆమెకు చిన్నాయన కొడుకు, కర్ర పట్టుకుని వచ్చాడు. వేపచెట్టు కింద కూర్చోమంటే ఆమె నిలబడే మాట్లాడింది.

"సారూ, మీ అమ్మను ఇడిసిపెట్టి వచ్చిండ్రంట గద అవ్వా అని పిల్ల నన్ను అడిగింది. కాదు బిడ్డా అంటే, పేపర్ల రాసిండ్రు అంటది. నా నోటితోని చెప్పింది పిల్లకు అబద్ధమైంది."

"ఆయన్ని ఎందుకు తీసుకొచ్చినవ్ అవ్వా, అంత దూరం?"

"చచ్చినోళ్ళ సంగతి మా గూడెంల ఒక్కరే చెప్పరు. చూసినోడు ఇంకొకడు పక్కన కూసోని ఊ కొట్టాలె. లేకపోతే ఆ మాట చెల్లది."

అప్పుడు చెప్పింది. గత్తర, అంటే ఆ కలరా, వచ్చిన ఏడు తనకు ఏడెనిమిదేళ్ళు. వాంతులు, బేదులతో తల్లి మంచం పట్టింది. గూడెం లేపాలన్నారు. మంచాలకు బొంగులు కట్టి రోగులను ఎత్తారు. వాగులో నీళ్ళు నడుమెత్తు. "ఒక్కర్ని ఇడిసిపెట్టలే. మా అమ్మ మంచానికి ముంగట మా అన్న, ఎన్క గీయిన" అని ఆయన వైపు చూపించింది. ఆయన "ఊ" అన్నాడు. తల్లి ఇవతలి ఒడ్డున మూడో రోజు పోయింది. ఇవతల పెట్టిన మొదటి సమాధి ఆమెదే. ప్రతి మాటకూ ఆయన ఊ కొట్టాడు. ఒక్కచోట మాత్రం ఆపి, "రెండో రోజు" అన్నాడు. ఆమె దిద్దుకుని, "అవ్, రెండో రోజు" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

నేను ఇన్నేళ్ళూ ఆధారాల గురించి రాసిన పేరాలన్నీ ఆ వేపచెట్టు కింద నాకు సిగ్గుగా అనిపించాయి. "తీయిస్త అవ్వా" అన్నాను. రాసింది నేనే అని అనలేదు.

ఆదివారం ఆ వాక్యం తీసేశాను. మరుసటి ఆదివారానికి అది మళ్ళీ అక్కడే ఉంది. పెట్టినాయన ఎక్కడో బ్యాంకులో పనిచేసేవాడు, ముఖం చూసుకోలేదు గానీ మంచి శ్రద్ధ గల మనిషి. "ఆధారమున్న వాక్యాన్ని తీసేశారు. మీరు పొరబడి ఉంటారు గురువుగారూ" అని రాశాడు. ఆ గూడెం పెద్దల మాట వేరుగా ఉందని రాశాను. నోటిమాట ఆధారం కాదని, నేను రాసిన పేరానే నాకు అతికించి పంపాడు. పేపర్లు తప్పులు రాస్తాయన్నాను. అయితే తప్పని చెప్పే మరో పేపరు చూపించమన్నాడు. నేను తీయడం, ఆయన పెట్టడం. చర్చా పేజీ చాంతాడంత అయింది. చివరికి నన్నే మందలించారు, పెద్దవాళ్ళే ఇలా చేస్తే ఎలా అని.

ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ పేపరుకు మూలం నేనే, నాకు మూలం బస్సులో పక్క సీటు. ఆ మాట తప్ప అన్నీ అన్నాను. మౌఖిక చరిత్ర మీద పెద్ద వ్యాసమే రాశాను, చూడండి నా తెలివి.

అవ్వ సంతలో కనబడినప్పుడల్లా అడిగేది. "తీసిండ్రా సారూ?"

"వాళ్ళు ఒప్పుకుంటలేరు అవ్వా."

"వాళ్ళు ఎవరు?"

"పట్నపోళ్ళు."

చలికాలం చివర్లో ఆ ముసలాయన పోయాడు. దినాలు అయ్యాక గూడేనికి పోయాను. అవ్వ చాయ్ ఇచ్చింది. ఆ సంగతి మళ్ళీ ఒకసారి చెబితే సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుంటానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఊ కొట్టెటోడు పోయిండు సారూ. ఇగ నేను చెప్పొద్దు." అని, గడపలో కూర్చుని చదువుకుంటున్న మనవరాలి వైపు చూసి, "గా పిల్లకు గూడ నేను చెప్పొద్దు" అంది. పిల్ల తల ఎత్తలేదు. ఎనిమిది నెలలు నా పరువు కాపాడుకుంటూ ఒక మనిషి తన తల్లి గురించి మాట్లాడే హక్కును పోగొట్టాను.

ఆ ఆదివారం చర్చా పేజీలో నాలుగు లైన్లు రాశాను. వాక్యం నాది, విన్నది బస్సులో, పేపరుకు ఇచ్చింది నేను, దాన్నే తెచ్చి ఆధారంగా చూపించిందీ నేను. అరగంటలో బ్యాంకు ఆయనే వాక్యం తీసేసి, "ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది" అని రాశాడు. గురువుగారూ అనలేదు.

సరిచేసిన పేజీ ప్రింటు తీసుకుని సాయంత్రం గూడేనికి పోయాను. పిల్ల నాయనమ్మకు చదివి వినిపించింది. మూడో వాక్యం లేదు. అవ్వ చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది.

పిల్ల అడిగింది. "మరి ముందుగాల గట్ల ఎవరు రాసిండ్రు సార్?"

"నేనే రాసిన."

అవ్వ కోపంగా ఏమీ అనలేదు, అంటే బాగుండేది.

"మా అమ్మ సంగతి నువ్వు అడగకముందే నేను నడిచొచ్చి చెప్పిన" అంది. "నీ సంగతి పిల్ల అడిగెదాక నువ్వు చెప్పలే."

పిల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "మీరు రాసిండ్రని ఇందుల లేదు గద సార్?"

"అది వేరే పేజీల ఉంటది."

"అది గూడ తెండి."

మళ్ళీ ఆదివారం అది కూడా ప్రింటు తీసి, సోమవారం తరగతిలో ఆమె చేతికి ఇచ్చాను. ఆమె తన చార్టులో మూడో వాక్యాన్ని కొట్టేయలేదు. దాని కిందనే నా నాలుగు లైన్ల కాగితం అన్నం మెతుకులతో అంటించి, గోడకు తగిలించింది. ఆ ఏడాది పరీక్షలయ్యేదాకా నేను రోజూ దాని ముందు నిలబడి పాఠం చెప్పాను.