బావ ఇచ్చిన జాగ

మా బావ పోయి ఇయ్యాల్టికి పదమూడొద్దులు. మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేండ్లు పెద్ద. దవాఖానల వారం కూడా ఉండలే. నేను తక్కువ చదివినోన్ని, రాతల తప్పులుంటయి. ఉన్నా ఆయన సంగతి నేనే రాయాలె. మా బడిల కూసున్నోళ్లల్ల ఇగ నేనొక్కన్నే మిగిలిన.

నిజాం జమానా ఆఖరి రోజులు. ఇప్పుడు కొత్తగూడ ఫ్లైఓవర్ ఉన్న దిక్కు అప్పుడు జొన్నచేన్లు. ఒక పెంకుటింటి అరుగు మీద మా బడి. పంతులు ఒక్కడే, పుస్తకాలు ఐదారు. అందుకని నలుగురు నలుగురిని గుండ్రంగ కూసోబెట్టి నడుమ ఒక పుస్తకం పెట్టేటోడు. "గుంపుల ఒక్కనికి రాకున్నా నలుగురికీ రానట్టే" అనేటోడు. మా గుంపుకు బావ పెద్ద. పుస్తకం ఆయన ముంగట, నేను ఎదురుంగ.

మా నాయినకు నా చదువు ఇష్టం లేదు. "దసరకు పంతులు ముంగట చదవకుంటే గొడ్ల కాడికే" అన్నడు. ఆ దినం వచ్చి అరుగు కింద నిలవడ్డడు. పంతులు పుస్తకం నా చేతికిచ్చిండు. దినాం చదివే పేజే, ఒక్క అక్షరం గుర్తు పట్టలే. నాయిన తుండు దులిపి భుజం మీద ఏసుకున్నడు.

బావ లేచి, నా చేతిల పుస్తకాన్ని తలకిందులు చేసి పెట్టిండు.

"ఇప్పుడు చదువు."

గడగడ చదివిన. పిల్లలంత నవ్విండ్రు. "గిదేందిరా?" అన్నడు పంతులు.

"తప్పు నాదే పంతులూ. పుస్తకం దినాం నా దిక్కే తిప్పుకున్న. వీడు ఎదురుంగ కూసుండి గిట్లనే నేర్సిండు."

బెత్తం దెబ్బలు ఆయనకు పడ్డయి. నాకు ఇంకో ఏడాది బడి దొరికింది. తెల్లారి నుంచి బావ నా జాగల కూసుండి, నన్ను తన జాగల కూసోబెట్టిండు. నేనైతే నా జాగ ఇయ్యకపోదును. ఉన్నది చెప్తున్న.

సక్కగ చదవడం వచ్చింది గని, ఆ తలకిందుల చదువు నన్ను ఇడువలే. ముసలితనంల దినాం పొద్దుగాల ఇద్దరం చాయ్ హోటల్ల ఒక్క పేపర్ ముంగటేసుకునేటోళ్లం. ఆయన అటు నుంచి, నేను ఇటు నుంచి.

"పేజీ తిప్పు బావా, నాదైపోయింది."

"ఆగురా బామ్మర్దీ. సక్కగ చదివేటోనికి జర టైం పడ్తది."

నిన్న మల్ల పోయిన. హోటల్ పిలగాడు అలవాటు కొద్ది పేపర్‌ను బావ కుర్సీ దిక్కు తిప్పి పెట్టిండు. నేను నా దిక్కు తిప్పుకోలే. ఎదురుంగ కూసుండి మొదటి పేజీ అంత చదివిన. అయిపోయినంక కూడా చానసేపు అట్లనే కూసున్న, ఆయన తిప్పుతడేమో అన్నట్టు.