పెడల్ తొక్కకుండా కదిలిన బండి

అది 2023 మే నెల. విశాఖలో మే నెల ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ ఏడిపిస్తుంది. దువ్వాడ అవతల ఉన్న మా ల్యాబ్‌లో ఆ నెలంతా కరెంటు కోతలు, దానికి తోడు నా మోకాళ్ల నొప్పి. ఈ పనిలోకి వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. సీతమ్మధారలో పొద్దున్నే బస్సెక్కి కూర్చున్నప్పటి నుంచే మళ్లీ ఇంటికెప్పుడు చేరతానా అనిపించే రోజులు. చేసిన పరీక్షే చేయడం, రాసిన వాక్యమే రాయడం. నిజం చెప్పాలంటే విసుగొచ్చేసింది.

మా పని పేరు ఈఎంసీ టెస్టింగ్. వాహనంలో ఉండే ఎలక్ట్రానిక్ భాగాలు బయటి రేడియో తరంగాలకు బెదరకుండా ఉన్నాయా, అవి వెదజల్లే తరంగాలు పక్కవాటిని పాడుచేయకుండా ఉన్నాయా అని చూడటం. ఒకసారి మా పక్కింటి పార్వతమ్మగారికి ఇదంతా వివరిస్తే, "అంటే బండికి దిష్టి తగుల్తాదో లేదో సూత్తావన్నమాట" అన్నారు. ఇన్నేళ్లలో ఇంతకన్నా బాగా నేనూ ఎవరికీ చెప్పలేకపోయాను.

ఈ పరీక్షలు చేసే గదిని యానెకోయిక్ చాంబర్ అంటాం. ఇనుప గోడలు, వాటి లోపలివైపు నిండా నల్లటి స్పాంజి ముళ్లు. బయటి తరంగం లోపలికి రాదు, లోపలిది గోడకు తగిలి వెనక్కి రాదు. కిటికీ ఉండదు, గాలాడదు. మాట్లాడితే మాటను ఎవరో నోటి దగ్గరే మింగేసినట్టుంటుంది. నా వయసులో సగం ఆ గదిలోనే పోయింది.

ఆ నెలలో మా దగ్గరికి ఒక టో ట్రాక్టర్ వచ్చింది. పోర్టు పక్క సరుకు యార్డుల్లో ట్రాలీలు లాగే చిన్న బ్యాటరీ బండి అది. మూడు వారాల కిందట రివర్స్ గేరులో నిలబడి ఉన్న ఆ బండి ఒక్కసారిగా వెనక్కి దూకిందట. వెనకాల ట్రాలీకి పిన్ను తగిలిస్తున్న కూలీ కాలు రెండు చోట్ల విరిగింది. డ్రైవరు అప్పలరాజును అదే రోజు సస్పెండ్ చేశారు. అజాగ్రత్తగా పెడల్ తొక్కాడని నేరం. తను పెడల్ తొక్కలేదని, సూపర్‌వైజరు పిలిస్తే జవాబివ్వడానికి వాకీటాకీ బటన్ నొక్కానని, నొక్కగానే బండి దూకిందని అతను విచారణలో చెప్పాడు. అప్పుడు బండి తయారుచేసిన కంపెనీ వాళ్లు ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఈ మోడల్ రేడియో తరంగాల పరీక్షలో పాసైందన్న రిపోర్టు అది. దాని మీద సంతకం నాదే, రెండేళ్ల కిందటిది.

యూనియన్ వాళ్లు గొడవ చేస్తే యార్డు యాజమాన్యం ఒక్కసారి తిరిగి పరీక్ష చేయించడానికి ఒప్పుకుంది. ఆ ప్రమాదం జరిగిన బండినే తీసుకురావాలి. అది మా చాంబర్‌లో కదిలితే సరే. కదలకపోతే అప్పలరాజు ఉద్యోగం పోయినట్టే.

బండితో పాటు ముగ్గురు వచ్చారు. కంపెనీ తరఫున ప్రసాద్ అనే సర్వీసు మేనేజరు, యార్డు మెకానిక్కు సింహాచలం, అప్పలరాజు. అప్పలరాజుకు నలభై అయిదేళ్లుంటాయి. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పోర్టు పనికి వచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"మేడమ్, ఆ కాయితం మీద గ్రేస్ అనుంది. అది మీరేనా?" అన్నాడు.

నేనే అన్నాను.

"నాను పెడలు మీద కాలెట్లేదు మేడమ్. వాకీ నొక్కాను, బండి గెంతీసింది. అంతే. ఎవులికి సెప్పినా నవ్వుతన్నారు."

నాకు జాలి కలగలేదు. ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లలో నా రిపోర్టును ఎవరూ తప్పు పట్టలేదు మరి. బయట వరండాలో కూర్చోమని చెప్పి చాంబర్ తలుపు వేయించాను. బయటివాళ్లు లోపలికి రాకూడదన్నది మా రూలు.

ముందు పెద్ద యాంటెన్నాతో పరీక్ష చేశాం. బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, చక్రాలు గాలిలో ఉంచి, రివర్స్ గేరులో పెట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ పోవాలి. పగలంతా పట్టింది. చక్రం కదల్లేదు. మర్నాడు వాకీటాకీతో మొదలెట్టాం. అది చిన్న రేడియో కాబట్టి మనిషి లోపల ఉండొచ్చు. పద్ధతి ప్రకారం ఎక్కడెక్కడ పెట్టాలో పుస్తకంలో ఉంటుంది: డ్రైవరు భుజం ఎత్తున, డ్యాష్‌బోర్డు ముందు, బండి నాలుగు పక్కలా. అన్నిచోట్లా నొక్కాను. చక్రం నిద్రపోయినట్టే ఉంది.

"చూశారుగా మేడమ్, ఇంక రిపోర్టు ఇచ్చేయండి" అన్నాడు ప్రసాద్. చెడ్డవాడేం కాదు, అతనికీ రెండు రోజులుగా నిద్ర లేదు.

టీ తాగుదామని వరండాలోకి వచ్చాను. అప్పలరాజు లేచి నిలబడ్డాడు. నా మొహం చూసే సంగతి గ్రహించాడు.

"కదల్లేదు కదేటి?"

"లేదు. అన్నిచోట్లా పెట్టి చూశాను అప్పలరాజూ."

"ఎక్కడెట్టి నొక్కారు?"

చేత్తో భుజం దగ్గర పట్టుకుని చూపించాను. అతను నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చిన్నపిల్లకు అన్నం కలపడం చేతకాకపోతే తల్లి చూసే చూపు.

"అలగెవుడు పట్టుకుంటాడు మేడమ్? రివర్సులో రెండు సేతులూ స్టీరింగు మీదే ఉండాల. వాకీని సీటుకీ తొడకీ మద్దెన దోపుకుంటాం, తలకిందులుగా. బొటనేలితో నొక్కి మెడ వొంచి మాటాడతాం. యార్డులో అందరం అంతే. మీ బుక్కులో అది లేదేటి?"

లేదు. మా బుక్కులో అది లేదు. ఆ సీటు కిందే పెడల్ నుంచి, మోటారును నడిపించే కంట్రోలర్‌కు వెళ్లే తీగ ఉంటుందని మాత్రం నాకు తెలుసు. చేతిలో టీ అలాగే ఉంది. రూలు సంగతి తర్వాత చూసుకుందామని అతన్ని లోపలికి తీసుకెళ్లాను.

అప్పలరాజు బండెక్కాడు, వాకీటాకీని తొడ పక్కన తలకిందులుగా దోపాడు, కాళ్లు రెండూ పైకెత్తి సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. "సూడండి, నా కాళ్లెక్కడున్నాయో సూడండి" అని బటన్ నొక్కాడు. చక్రాలు గిర్రున వెనక్కి తిరిగాయి. వదిలాడు, ఆగాయి. మళ్లీ నొక్కాడు, తిరిగాయి. నాలుగుసార్లు అలాగే చేశాడు. "సెప్పాను. నాను ముందే సెప్పాను" అంటూ ఆ నల్లటి గదిలో పెద్దగా ఏడ్చేశాడు. నాకు సిగ్గేసింది. అంతకన్నా వేరే మాట లేదు.

మరి నా పాత పరీక్షలో కొత్త బండి ఎందుకు పాసైంది? అది వెతకడానికి ఇంకో రోజు పట్టింది. పెడల్ ఎంత తొక్కామో చెప్పే సంకేతం చాలా బలహీనమైంది. అందుకే ఆ తీగకు పైన లోహపు అల్లిక తొడుగుతారు, దాన్ని షీల్డు అంటాం. ఆ షీల్డును ఎర్త్ స్ట్రాప్ అనే పట్టీతో బండి ఇనుప చట్రానికి బోల్టు వేసి బిగిస్తారు. రేడియో శక్తి తీగలోకి పోకుండా చట్రంలోకి దిగిపోతుంది. పట్టీ ఇనుముకు తగలకపోతే ఆ షీల్డే యాంటెన్నా అయి కూర్చుంటుంది. బోల్టు విప్పాం. పట్టీ కింద ఇనుము లేదు. తుప్పు ఆపే చక్కటి రెడ్ ఆక్సైడ్, దాని మీద రెండు పూతల పసుపు రంగు. ఎక్కడా బొట్టు కారకుండా, ఇంటి గేటుకు వేసినంత శ్రద్ధగా వేశారు.

"నానే ఏశాను" అన్నాడు వెనక నుంచి సింహాచలం.

యాభై దాటిన మనిషి, పొడి మాటలవాడు. అప్పటిదాకా అతని గొంతే మేం వినలేదు. "సంవత్సరానికోపాలి కంట్రోలరు ఇప్పుతాం కదా మేడమ్. సూత్తే బోల్టు సుట్టూ తుప్పు. ఉప్పుగాలి కదా, మాకాడ రంగెయ్యకపోతే ఏదీ బతకదు. గీకి, రెడాక్సైడు కొట్టి, రంగేసి, ఆరినాక బిగించాను. తప్పయిపోనాదేటి?"

సముద్రం పక్కన బతికేవాడు ఎవడైనా అదే చేస్తాడు. నేనూ మా బాల్కనీ గ్రిల్లుకు అదే చేయిస్తాను. పనిదొంగ అయితే తుప్పును అలాగే వదిలేసి ఉండేవాడు, పట్టీకి ఇంకొన్నాళ్లు కాస్తో కూస్తో ఇనుము తగిలి ఉండేది.

రంగు గీకించి బోల్టు బిగించాను. అప్పలరాజు అదే చోట వాకీ నొక్కితే చక్రం కదల్లేదు. పట్టీ కింద కాగితం ముక్క పెట్టి బిగించాను. చక్రం తిరిగింది. ఇంక సందేహం లేదు.

ప్రసాద్ నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, 'నిర్వహణ లోపం' అని ఒక్క మాట రాయండి. సోమవారానికల్లా అప్పలరాజు డ్యూటీలో ఉంటాడు, నాదీ పూచీ. డిజైను, మాన్యువల్ అని రాశారా, మా హెడ్డాఫీసు ఒప్పుకోదు. ఎన్నాళ్లు లాగుతారో నాకే తెలీదు."

దాచుకోను, ఆ మాట రాసేద్దామనే అనిపించింది. అబద్ధం కూడా కాదు కదా. ఫైలు మూసేసి ఇంటికి పోవచ్చు. అయినా ఎందుకో మెయింటెనెన్సు మాన్యువల్ అడిగి తెప్పించుకున్నాను. ఎర్త్ బోల్టు గురించి ఒకే ముక్క ఉంది: గట్టిగా బిగించాలి. అయిదారు పేజీల తర్వాత ఇంకో ముక్క: తుప్పు పట్టిన భాగాలను శుభ్రం చేసి రంగు వేయాలి. సింహాచలం రెండూ చేశాడు. ఇప్పుడు తప్పు అతని మీద రాస్తే అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే.

వరండాలోకి వెళ్లి అప్పలరాజుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక మాట రాస్తే సోమవారం, రాయకపోతే ఎప్పుడో తెలీదు. సింహాచలం కాస్త దూరంగా నిలబడి నేల చూస్తున్నాడు.

"నా మీద ఏ మాటెట్టి పీకీసినారో, అదే మాట ఆడి మీద ఎడతారా?" అన్నాడు అప్పలరాజు. "ఒద్దు మేడమ్. ఇంకొన్నాళ్లు ఇంటికాడ కూకుంటాను. ఆడ్ని ఇందులోకి లాగీకండి."

"ఒరే బావా, నా గురించి నువ్వు..." అని సింహాచలం ఏదో అనబోయాడు.

"నువ్వు నోర్ముయ్యరా" అన్నాడు అప్పలరాజు.

రిపోర్టులో ఇలా రాశాను: రంగు వల్ల ఎర్త్ తెగింది. అక్కడ ఇనుము బోసిగా ఉండాలని మాన్యువల్‌లో ఎక్కడా లేదు. రెండేళ్ల కిందటి మా పరీక్షలో వాకీటాకీని డ్రైవర్లు నిజంగా పెట్టుకునే చోట పెట్టి చూడలేదు. చివరి వాక్యం చదివి మా డైరెక్టరుగారు కళ్లజోడు తీశారు. "నీ రిపోర్టు మీద నువ్వే రాయి వేసుకుంటావా గ్రేస్?" అన్నారు. నా రిపోర్టు కాబట్టే నేను వేసుకుంటున్నానని చెప్పాను. మళ్లీ మాట్లాడలేదు. ఆ ఏడాది నా ప్రమోషన్ గురించి కూడా మాట్లాడలేదు.

ప్రసాద్ చెప్పినట్టే కంపెనీ వాళ్లు వాదించారు. అప్పలరాజు రెండున్నర నెలలు ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో అని ఊరికే అంటున్నాను. యారాడలో తెలిసినవాళ్ల పడవ దగ్గర వలలు లాగాడు. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేసి, "ఏటైనా తేలిందా మేడమ్?" అని మాత్రం అడిగి పెట్టేశాడు. ఒక్కసారి కూడా ఆ మాట రాసేసి ఉంటే బాగుండేదని అనలేదు. ఆగస్టులో డ్యూటీలోకి తీసుకున్నారు.

ఆ నెలలోనే మిగతా బళ్లు కూడా చూడమని యార్డు వాళ్లు నన్ను పిలిచారు. వెళ్లేసరికి సింహాచలం ఒక బండి ముందు గొంతుక్కూర్చుని, తను వేసిన రంగును తనే బ్లేడుతో గీకుతున్నాడు. వాన తెరిపిచ్చింది, ఉప్పు వాసన, చుట్టూ బూడిద రంగు నీళ్లు.

"గీకీమన్నారు, గీకుతన్నాను. మళ్లీ తుప్పట్టదా మేడమ్?" అన్నాడు.

నేనూ పక్కన కూర్చున్నాను, మోకాళ్లు మూలిగాయి. పట్టీ ఆనే చోట మెరిసేదాకా గీకించాను. పట్టీ పెట్టి, బోల్టు బిగించి, పట్టీ ఇనుముకు తగులుతోందని మీటరుతో చూపించాను. తర్వాత అతని రంగు డబ్బాలోంచే బ్రష్షు తీసి, బిగించిన బోల్టు తల మీదా, చుట్టూతా రంగు పూశాను. లోపల ఇనుముకు ఇనుము తగులుతుంది, బయట నుంచి ఉప్పునీరు పోదు.

"ముందు బిగించి, ఆనక రంగు. అంతే" అన్నాను.

సింహాచలం ఆ బోల్టును చాలాసేపు చూశాడు.

"అంతేనేటి?" అన్నాడు. "ఇది సెప్పడానికి మీకు రెండు నిమిషాలు పట్టిందా మేడమ్? ముందే ఎవులైనా సెప్పుంటే ఆ కూలి కుర్రోడి కాలు ఇరిగీది కాదు కదా."

కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. రెండేళ్ల కిందట ఆ మోడల్ బండితో నేను ఆరు రోజులు చాంబర్‌లో ఉన్నాను. ఈ బోల్టును రేపు ఎవరు విప్పుతారు, ఈ సీటులో ఎవరు ఎలా కూర్చుంటారు అని ఆ ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. పరీక్ష పాసైంది ఆ బండి. నేను అడగలేదన్న సంగతి సింహాచలానికి చెప్పాను. అతను తలూపి, బ్లేడు తీసుకుని తర్వాతి బండి దగ్గరికి వెళ్లాడు.