సచ్చినోడు మల్లొస్తడా

ఎనభైల చివర మా కాలేజీకి కంప్యూటర్లు కొత్తగా వచ్చాయి. ఒకరోజు హనుమకొండ బస్సులో నా స్నేహితురాలు రజిత వాటిలోని ఒక ఆట గురించి నాకు చెబుతోంది. నలుగురు వీరులను మనమే తయారుచేసి, పేర్లు పెట్టి, రాక్షసులుండే నేలమాళిగలోకి నడిపించాలట.

"మా తమ్ముని పేరు పెడత. మరి వాడు సస్తే?" అని అడిగాను.

"సస్తే ఏమైతది? అదే పేరుతోని ఇంకొకణ్ణి చేసుకో. ఫికర్ జేయకు."

ముందు సీటులో ఉన్న పెద్దామె గిరుక్కున తిరిగింది.

"ఏందే? పేరు పెడితే సచ్చినోడు మల్లొస్తడా?"

"కంప్యూటర్ల ఆట, పెద్దమ్మా. ఉత్తుత్తదే," అన్నాను.

"నా కొడుకు పోయినప్పుడు గూడ గిట్లనే అన్నరు. ఒక్కడు పోతే ఇంకొకడు వస్తడన్నరు. నోర్ముయ్యుండ్రి!"

బస్సంతా మా వైపు చూసింది. రజిత ఏదో అనబోతే ఆమె కొట్టడానికి చేయెత్తింది. కొట్టలేదు. మట్టెవాడలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో మొదటిసారి ఆడాను. ఒకడికి దెబ్బ తగలగానే నలుగురినీ బయటికి తెచ్చేశాను.

"గింత పిరికిదానివేందే!" అని రజిత తిట్టింది.

ఇన్నేళ్ళయినా అట్లాగే ఆడతాను.