మా అన్న లోతు మాటలు

మా అన్న సెంపాలాకి మా లుగాండా భాషలో తెలియని మాట లేదు. ఈ సంగతి మీరు ఎవరినీ అడగక్కర్లేదు, బువామా సంతలో దిగితే ఆయనే ఎదురొచ్చి చెబుతాడు. అరటిగెలలు అమ్ముకునే ఆడవాళ్ళ ముందు గొడుగు ఆనించుకుని నిలబడి, పచ్చాకుని ఏమంటారు, ఎండుటాకుని ఏమంటారు, బోదె మీద ఎండి వేలాడే పొరని ఏమంటారు అని పాఠం మొదలుపెడతాడు. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ ఆ ఆకుల్లోనే బతికారు. అయినా మోకాళ్ళ మీద కూర్చుని "అవునండీ, అవునండీ" అంటారు, ఎందుకంటే మా వైపు పెద్దమగాడు మాట్లాడుతుంటే ఆడది లేచి పోకూడదు. ఆయనేమో అదంతా తన పాండిత్యానికి దండం అనుకుంటాడు.

ఒకసారి రేడియోలో పాత మాటల పోటీ పెడితే మా అన్న గెలిచాడు. బహుమతి పరుపు. దాని మీద ఈనాటికీ పడుకోలేదు. ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా ముందుగదిలో గోడకి నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు దాన్ని చూసి "ఇదేమిటండీ?" అని అడగాలి. అడగకపోతే అడిగేదాకా దగ్గుతాడు.

అరువు మాటలంటే ఆయనకి ఒళ్ళు మంట. బల్లకీ సబ్బుకీ చొక్కాకీ మేం వాడే పేర్లన్నీ సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవట, వాటిని నోట పట్టుకున్నవాడు సగం మనిషేనట. తను తొక్కే సైకిలుని మాత్రం అందరిలాగే 'గాలి' అంటాడు. అది ఇండియా వాళ్ళ 'గాడీ' అని కొట్టు గుజరాతీ ముసలాయన నాకు చెప్పి ఎన్నాళ్ళో అయింది. పెళ్ళిళ్ళకి వేసుకుని మురిసిపోయే తెల్లటి పొడుగు అంగీ, ఆ కాన్జు, అదీ అరబ్బుల వెంట వచ్చిందే, బట్టా పేరూ రెండూ. అరువు సొమ్మంతా ఒంటి మీంచి తీసేస్తే మా అన్న గోచీతో మిగులుతాడు.

వదిన వెళ్ళిపోయింది కూడా ఈ నోటి వల్లే. ఆవిడ కడుపు మండి తిడుతుంటే మధ్యలో ఆపి, "ఆ తిట్టు అలా తిట్టరు, సరైన మాట ఇది" అని దిద్దేవాడు. తిట్టే సుఖం కూడా దక్కనివ్వని మొగుడితో ఎవతి కాపురం చేస్తుంది? పుట్టింటికి పోయింది, మళ్ళీ రాలేదు. కూతురు దమలి మా దగ్గర ఉండిపోయింది. ముద్దలు పెట్టింది నేను. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళింది మా తమ్ముడు ఎరియా. ఎరియాకి మాటలు తక్కువ. అందుకని అన్న వాణ్ణి 'మూగ డోలు' అని పిలుస్తాడు.

దమలి చిన్నప్పుడు బడిలో విని వచ్చి, ఒకరోజు ఎరియాని "అంకుల్" అంది. మా అన్న నోటి దాకా వచ్చిన మటోకె, అదే ఉడికించిన అరటికాయ ముద్ద, వదిలేసి లేచాడు.

"ఏమన్నావ్? అంకులా? ఎవడే ఆ అంకుల్? మన భాషలో అంకుల్ అనేవాడే లేడు! నాన్న తమ్ముడు నాన్నే. వాడి ముందు మోకరిల్లి నాన్నా అను. అనవే!"

పిల్ల వణుకుతూ అంది. ఎరియా సిగ్గుపడి తల గోక్కున్నాడు. ఆ తర్వాత దమలి ఆ పిలుపు వదల్లేదు. మా అన్న నేర్పిన మాటలన్నిటిలో మా ఇంట్లో వాడకంలోకి వచ్చింది ఆ ఒక్కటే.

కిందటేడు దమలిని అడగడానికి కివువా అనే కుర్రాడి తరఫువాళ్ళు వస్తామన్నారు. ముందు మేనత్తనని నా దగ్గరికి వచ్చాడు కుర్రాడు. నాకు నచ్చాడు. ఇక మిగిలింది పదిమందిలో పిల్లనడిగే క్వాంజులా. ఆ రోజు పిల్ల తండ్రి నోరు విప్పకూడదు. కుర్చీలో పెద్దరికంగా కూర్చోవాలి, ఆయన తరఫున మాట్లాడడానికి ఒక మాటకారిని పెట్టుకోవాలి. ఊరివాళ్ళ క్వాంజులాలన్నిటిలో మాటకారిగా నిలబడి, "ఈ రోజు తండ్రి నోటికి తాళం! తాళంచెవి నా దగ్గర!" అని అరిచేది మా అన్నే.

"మాటకారిగా ఎవర్ని పిలుద్దాం అన్నా?" అని అడిగాను.

"నా కూతురి క్వాంజులాలో ఇంకొకడి వచ్చీరాని లుగాండా వింటూ కూర్చోవాలా? నేనే మాట్లాడతా."

"మరి తండ్రి కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

"కుర్చీదేముందే, కుర్చీయేగా!"

ఆ రోజు రానే వచ్చింది. మగపెళ్ళివారి ఆడవాళ్ళు భుజాలు పొడుచుకొచ్చిన గోమెసులు కట్టుకుని, తలల మీద బుట్టలతో మా గేటు ముందు నిలబడ్డారు. వాళ్ళ మాటకారి ముకలాజి నవ్వు ముఖం మనిషి. గేటు దగ్గర మావాళ్ళు నాలుగు చిక్కు ప్రశ్నలు వేస్తారు, వాళ్ళు నాలుగు చమత్కారాలు విసురుతారు, ఆడవాళ్ళు కేకలేస్తారు, గేటు తెరుచుకుంటుంది. అది ఆట. అందరికీ తెలుసు, మా అన్నకి తప్ప.

అరటిచెట్టుతో మొదలుపెట్టాడు. ముకలాజి పచ్చాకు పేరు చెప్పాడు, ఎండుటాకు పేరు చెప్పాడు, పువ్వు పేరు చెప్పాడు. అప్పుడు మా అన్న ఇంకోటి బయటికి తీశాడు. గెల కోసేశాక చెట్టు మొదట్లో మిగిలే ఏదో ముక్కకి పేరు కావాలట. ఆ పేరు మా అమ్మ అనగా నేను వినలేదు, మా నాయనమ్మ అనగా వినలేదు. అక్కడికక్కడ వండాడనే నా అనుమానం.

ముకలాజి చేతులు జోడించాడు. "ఓడిపోయాం అయ్యా! ఒక మేకని జరిమానా వేసుకుని గేటు తియ్యండి. మా ఆడవాళ్ళ మెడలు విరుగుతున్నాయి."

"మేకెందుకు నాకు? మాట కావాలి. మాట చెప్పలేని కొంపకి మా పిల్ల ఎందుకు?"

నవ్వులు ఆగిపోయాయి. కివువా పెదనాన్న ముందుకొచ్చాడు. "పిల్లనడగడానికొచ్చాం పెద్దాయనా, పరీక్ష రాయడానికి కాదు. పదండ్రా! బుట్టలు బండెక్కించండి."

లోపల గదిలో, కిటికీలోంచి నాతోపాటు ఇదంతా చూస్తున్న దమలి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అత్తా, వెళ్ళిపోతున్నారు. గేటు దగ్గర్నుంచి వెనక్కి పోయినవాళ్ళు మళ్ళీ వస్తారా?"

రారు. అది తనకీ తెలుసు. ఆ కుర్రాడి మీద ప్రాణాలు పెట్టుకుని కూర్చున్న పిల్ల. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోమెసి కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గేటు దాకా నడిచాను. మేనత్తకి ఆ రోజు ఆ హక్కుంది.

"మాటకారి గారూ," అన్నాను. అన్నా అనలేదు. "వీళ్ళని వెనక్కి పంపమని మీకెవరు చెప్పారు?"

"యూనియా, లోపలికి పో."

"మాటకారి తండ్రి మాట చెప్పాలి. తనంతట తను పంపడానికి మీరెవరు? తండ్రేడీ?"

"నేనే కదే..."

"మీరు నోరండీ. ఈ రోజు నోరు విప్పినవాడు తండ్రి కాడు. ఊరూరా అరిచి చెప్పింది మీరే. అదిగో, కుర్చీ ఖాళీగా ఉంది. తండ్రిని పిలిపించమంటారా?"

మా వంశం ముసలాళ్ళు "నిజమే, పిలవాలి" అని గొణిగారు. బుట్టలు ఎత్తుతున్న ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను పెరట్లోకి వెళ్ళాను. ఎరియా పొయ్యి దగ్గర అరటాకు మూటల్లో కోడికూర ఉడికిస్తున్నాడు, ముఖమంతా మసి. "చేతులు కడుక్కుని రారా" అని లాక్కొచ్చి, అందరి ముందూ ఆ కుర్చీలో కూర్చోబెట్టాను.

"మన భాషలో మీకు తెలియని మాట లేదంటారు కదా, చెప్పండి. ఈయన ఆ పిల్లకి ఏమవుతాడు? అంకులా?"

మా అన్న చుట్టూ చూశాడు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆ మాట అన్నందుకు ఆయన చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళే, వాళ్ళంతా పెద్దవాళ్ళై అక్కడే ఉన్నారు.

"తండ్రి" అన్నాడు.

"నాన్నగారూ, వీళ్ళని రానివ్వమంటారా?" అని ఎరియాని అడిగాను. వాడు నోరు విప్పలేదు, విప్పకూడదు కూడా. తల ఊపాడు. మూగ డోలుకి ఆ పని బాగా వచ్చు. నేనే గేటు గొళ్ళెం తీశాను.

తండ్రికని తెచ్చిన కొత్త కాన్జుని ఆ మసి ముఖం మీంచే ఎరియాకి తొడిగారు. "ఇది తండ్రికి" అని ప్రకటించాల్సింది మాటకారి. మా అన్న ప్రకటించాడు, నున్నటి పాత మాటలతో, ఎక్కడా తడబడకుండా. అబద్ధమెందుకు, ఆయన అంత చక్కగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. దమలి వచ్చి ఎరియా ముందు మోకరిల్లి "నాన్నా" అంది. ఎప్పుడూ అనే మాటే.

మా దగ్గర ఎవరు ఏం చేసినా ఆ పని పేరు పెట్టి దండం చెప్పాలి. వండినందుకు, తవ్వినందుకు, నడిచొచ్చినందుకు. భోజనాలయ్యాక దమలి ఒక్కొక్కరి ముందూ మోకరిల్లుతూ వచ్చింది. మా అన్న దగ్గరికీ వచ్చింది. ఆయన ముందుకు వంగి, తల నిమరడానికి చెయ్యి చాచాడు.

"మాట్లాడినందుకు దండాలండీ, మాటకారి గారూ" అంది దమలి.

దానికి జవాబు మాటలు కొత్తగా నేర్చుకునే పిల్లలకి కూడా వచ్చు. విన్నందుకు నీకూ దండాలు అనాలి, అంతే. మా అన్నకి అది రాలేదు. నాకు ఏ కాస్తో జాలి వేసింది, వెంటనే పోయింది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దమలి అప్పటికే లేచి, పక్కన కూర్చున్న ముసలమ్మ ముందు మోకరిల్లింది.