కోచ్ గారి వంటింటి మాట

మావారు రాయిస్ టాకెట్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. ఇప్పటికి తొమ్మిది ఊళ్ళు, పదకొండు ఇళ్ళు. ఆయన్నడిగితే కుర్రాళ్ళని మనుషుల్ని చెయ్యడానికి జీవితం ధారపోశానంటారు. నన్నడిగితే ఊరూరా పెళ్ళాం చేత సామాను కట్టించారంటాను. కట్టిన చేతులు నావి కాబట్టి ముందు నా మాట వినండి.

పెళ్ళయిన కొత్తలో ఆయన మిసిసిపీలో ఒక హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. చెప్పేవారంటే, జీతం ఆ పేరు మీద వచ్చేది. ఆ తరగతి బోర్డు మీద నదులూ పర్వతాలూ నేనెప్పుడూ చూడలేదు, గుండ్రాలూ బాణాలే. అక్కణ్ణించి కాలేజీల్లో పడ్డారు. ఒకచోట అడ్డుకునేవాళ్ళకి, ఇంకోచోట బంతి పట్టేవాళ్ళకి సహాయ కోచ్. పెద్ద కోచ్ ఉద్యోగం ఊడిందంటే కింద ఉన్న తొమ్మిదిమందికీ ఊడుతుంది. అలా రెండుసార్లు క్రిస్మస్ చెట్టుకి దీపాలు వేలాడుతుండగానే ఊరు మారాం.

ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆయన ఇంట్లో ఉండేవారు కాదు. మా అమ్మాయి జోలీన్ పుట్టిన మధ్యాహ్నం ఈయన స్టేడియం గదిలో కూచుని, అంతకు రెండ్రోజుల ముందు ఓడిపోయిన ఆట రికార్డింగు పదకొండోసారి చూస్తున్నారు. అవతలి జట్టులో ఏ కుర్రాడికి ఏ మోకాలు నెప్పో ఆయనకి కంఠతా వచ్చు. ఒకరోజు భోజనాల దగ్గర, "జోలీన్ ఇప్పుడు ఐదా, ఆరా?" అన్నారు. అది అప్పటికి ఎనిమిదో తరగతి. ఇలాంటి మనిషి టీవీ వాళ్ళు మైకు పెట్టగానే, "జట్టంటే జట్టు కాదండీ, కుటుంబం" అనేవారు. ఇంట్లో టీవీ ముందు కూచుని నేనూ, నా కూతురూ ఆ కుటుంబాన్ని చూసేవాళ్ళం.

నలభై ఎనిమిదో ఏట ఎట్టకేలకు అర్కాన్సాలో ఒక చిన్న కాలేజీకి పెద్ద కోచ్ అయ్యారు. ఆయన గుండెలో ఎంత దమ్ముందో జనానికి అప్పుడు తెలిసింది. మా ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి, లేకపోతే బంతి అవతలి వాళ్ళదైపోతుంది. మూడింటిలో తొమ్మిదిన్నర పోయి అర గజం మిగిలినా సరే, ఈయన తెగించలేక నాలుగోసారి బంతిని అవతలి వాళ్ళ వైపు తన్నించేసేవారు. ఓడితే తిట్టేది తన్నినవాణ్ణి కదా. మంగలి షాపులో ఆయన కుర్చీలో కూచోగానే, "కత్తిరించమంటారా కోచ్, లేకపోతే దీన్ని కూడా తన్నించేద్దామా?" అనేవాడు ఆ మంగలి.

ఓడిన కోచ్ ఇంటి ముందు 'ఇల్లు అమ్మబడును' అని బోర్డులు పాతడం మా వైపు అభిమానుల అలవాటు. రెండో ఏడు మా గడ్డిలో పద్నాలుగు మొలిచాయి. "ఎవరో అడ్రసు పొరబడ్డారు" అన్నారు మావారు. పద్నాలుగుమంది ఒకేసారి ఎలా పొరబడతారని నేను అడగలేదు. బోర్డులు పీకి, ఆ కర్రలు టమాటా మొక్కలకి ఊతంగా పాతాను. ఆ వేసవిలో టమాటాలు విరగకాశాయి, శీతాకాలానికి ఆయన ఉద్యోగం పోయింది. అప్పుడు అలబామాలో టాలివర్ కాలేజీకి వచ్చాం.

మైదానంలో పిల్లి అయినా, ఒక్క చోట మాత్రం ఆయన పులి. అది కుర్రాళ్ళ తల్లుల వంటిల్లు. బాగా ఆడే కుర్రాడు హైస్కూల్లో ఉండగానే కోచ్‌లు వాళ్ళింటికి వెళ్ళి మా కాలేజీకి రమ్మని బతిమాలాలి. ఈయన గుమ్మంలోనే టోపీ తీసేవారు. ఆకుకూర, మొక్కజొన్న రొట్టె మారు అడిగి వడ్డించుకునేవారు. కుర్రాడి భుజం మీద చెయ్యేసి, "నాలుగేళ్ళూ వీడు నా కొడుకమ్మా. నేనెక్కడికీ పోను" అనేవారు. తల్లి ఇంకా అనుమానంగా చూస్తుంటే రెండోసారి నన్ను వెంటబెట్టుకెళ్ళేవారు. భార్య పక్కనుంటే మగాడి అబద్ధానికి బలమొస్తుంది. "మాకీ ఊరు ఎంతో నచ్చిందండీ" అనడం నా వంతు. ఆ మాట ఎన్ని ఊళ్ళలో అన్నానో లెక్కలేదు. నేను సుద్దపూసనని చెప్పుకోవడం లేదు, చాలా బాగా అనేదాన్ని.

అలాగే ఒడెస్సా బ్రాస్‌వెల్ వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ బడి క్యాంటీన్లో వంట చేస్తుంది. కొడుకు లామార్ నూట నలభై కిలోల మనిషి, మాట మాత్రం పెగలదు. మావారు పాఠం మొత్తం అప్పజెప్పారు. ఒడెస్సా ఆయన వైపు చూడనైనా లేదు.

"పోయిన వారం ముగ్గురు కోచ్‌లు ఇదే కుర్చీలో కూచుని ఇవే మాటలు చెప్పారు. ముగ్గురూ నా పీచ్ పళ్ళ కాబ్లర్ మిఠాయి మారు పెట్టించుకున్నారు" అని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. మీరుంటారా?"

"తప్పకుండా ఉంటామండీ" అన్నారు మావారు.

"నేనడిగింది మిమ్మల్ని కాదు కోచ్ గారూ." మళ్ళీ నాతో అంది. "వీడు నోరు విప్పి ఏదీ చెప్పడు. ఇంటి మీద బెంగొస్తే తిండి మానేస్తాడు. అది కనిపెట్టే మనిషి ఒకరుండాలి. నాలుగేళ్ళు."

ఉంటామండీ అనబోయాను. ఎన్ని ఇళ్ళలో అన్న మాటో. కానీ ఆవిడ కళ్ళు చూస్తుంటే నోట్లోంచి "ఉంటాను" అని వచ్చింది. మావారు ఆ తేడా పట్టించుకోలేదు. ఒడెస్సా పట్టించుకుంది. ఇంకో మాట లేకుండా నా గిన్నెలో కాబ్లర్ వేసింది.

లామార్ ఆగస్టులో వచ్చాడు. ఆదివారాలు వాడి భోజనం మా ఇంట్లోనే. పాత కోచ్ ఏరి పెట్టిన కుర్రాళ్ళ పుణ్యమా అని ఆ ఏడు ఎనిమిది ఆటలు గెలిచాం. డిసెంబరులో టెనెసీ నుంచి పెద్ద కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారు. మావారు ఆలోచించుకోవడానికి తీసుకున్న సమయం కాఫీ చల్లారేంత కూడా లేదు. జట్టుకి ఫోన్లో మెసేజ్ పెట్టారు, మీరెప్పటికీ నా కుటుంబమే అని.

"పెట్టెలు తెప్పించు నాడీన్. పదిహేనో తారీఖుకల్లా అక్కడుండాలి" అన్నారు.

"లామార్‌కి చెప్పావా?"

"ఏ లామార్? డెబ్బై రెండో నంబరు జెర్సీ వాడా?"

"వాళ్ళమ్మకి మాటిచ్చాం, రాయిస్."

"అది అందరికీ చెప్పే మాటే కదే. ఆవిడకీ తెలుసు. ఈ ఉద్యోగంలో అది మామూలు."

"నాకు తెలీదు మరి. నేను రావడం లేదు."

నవ్వారు. కోపం తగ్గాక అదే వస్తుందనుకున్నారు. అటక మీంచి తన సూట్‌కేసు తనే దింపుకోవడం ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి. జిప్పు ఎటు లాగాలో తెలీక కాసేపు కుస్తీ పట్టారు, నేను కూచుని చూశాను. కారు వెళ్ళిపోయాక ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు, ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నానా అని ఒళ్ళు మండింది. ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే పనిలో చేరాను.

ఆ ఆదివారం లామార్ గుమ్మం బయటే నిలబడిపోయాడు. "కోచ్ వెళ్ళిపోయారు కదా మేడమ్. భోజనానికి రావచ్చా?"

"నీకు వండేది కోచ్ కాదురా. లోపలికి రా."

ఒక్క ప్లేటు తిని లేచాడు. ఆ ఒంటికి అది ఉపవాసం కింద లెక్క. ఒడెస్సాకి ఫోన్ చేసి చెప్పాను. వాడికి ఉల్లిపాయ కనపడకూడదు, సన్నగా తరుగు అంది. వసంతానికి మూడు ప్లేట్లకి వచ్చాడు. అప్పణ్ణించి ఏ ఆదివారమూ మానలేదు.

మరుసటి ఏడు జనవరిలో ఒక ఆదివారం, లామార్ తింటుండగా ఫోన్ మోగింది. అవతల మావారు. ఆ గొంతు నాకు తెలుసు, నాతో ఎప్పుడూ వాడని గొంతు, వంటిళ్ళ గొంతు.

"నాడీన్, బంగారం, ఇక్కడ ప్రూయిట్ గారింట్లో ఉన్నాను. స్పీకర్లో పెట్టాను. నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళావని చెప్పాను. ఈ ఊరు మనకెంత నచ్చిందో ఆవిడకి ఒక్క ముక్క చెప్పు."

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆయన ఉండే ఊళ్ళో నేను కాలు కూడా పెట్టలేదు.

ఒక ఆడమనిషి గొంతు అందుకుంది. "నా పేరు జానెల్ అండీ. ఒక్కడే కొడుకు. అందుకే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. వీడి చదువయ్యేదాకా మీరుంటారా?"

అబద్ధమైతే తడుముకోకుండా చెప్పేదాన్ని. లామార్ నమలడం ఆపి నా వైపు చూశాడు. ఫోన్ వాడి ముందుకి తోశాను. "టాలివర్‌కి ఆయన తీసుకొచ్చిన కుర్రాడు ఇక్కడే ఉన్నాడమ్మా, వాణ్ణి అడగండి" అన్నాను.

"నాడీన్" అన్నారు మావారు. ఆ గొంతు ఈసారి ఇంట్లో గొంతు.

లామార్ మూతి తుడుచుకున్నాడు. ఏడాదిన్నరగా నా బల్ల దగ్గర కూచుంటున్నవాడు, ఉప్పు కావాలన్నా వేలు చూపించేవాడు, ఫోన్ మీదికి వంగి నెమ్మదిగా చెప్పాడు.

"మేడమ్, ఈవిడ ఉంటారండీ. ఆయన ఉండరు."

ఆ మాట చెప్పి ఫోన్ పక్కకి జరిపాడు. బంగాళాదుంపలు ఇంకా ఉన్నాయా అని అడిగాడు.