గొట్టం పెట్టనిదే కాయిదం ఇవ్వని మా చిన్నమ్మ

చిన్నమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున ఆమె కొడుకు ఫోన్ చేసి, "అన్నా, అవ్వ లేవలే" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

కరీంనగర్ నుంచి చొప్పదండి దారి పట్టే మోటారు సైకిళ్ల వాళ్లలో చాలామంది ఆమెను ఎరుగుదురు. పెట్రోలు బంకు పక్కన వ్యాను పెట్టుకుని బండ్ల పొగ పరీక్ష చేసేది. వాళ్లకు ఆమె పొగ మేడం. మా అవ్వకు, అంటే అమ్మకు, సొంత చెల్లెలు కాబట్టి నాకు చిన్నమ్మ. మనిషి పొట్టి, గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినిపించేది.

ఆ పని ఎలా జరగాలో చెబుతాను. బండి స్టార్ట్ చేసి సైలెన్సర్‌లోకి సన్న గొట్టం దూరిస్తే, పొగలో విషవాయువు ఎంతుందో మిషన్ చూపిస్తుంది. హద్దు దాటకపోతే సర్టిఫికెట్. కానీ నంబరు ప్లేటు ఫొటో తీసుకుని, గొట్టం ముట్టకుండానే కాయిదం చేతిలో పెట్టే వ్యాన్లకే గిరాకీ ఎక్కువ. చిన్నమ్మ దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. తొందరపెట్టిన వాళ్లకు ఒకటే జవాబు. "జర ఆగు బిడ్డా. బండి మొఖం జూసి నేనేం జెప్త? దాని ఊపిరి జూడాలె గద!"

ఒకసారి నేను అక్కడ కూర్చుని ఛాయ్ తాగుతున్నాను. పాల క్యాన్లు కట్టుకున్న పాత బండి ఒకటి పాసైంది. దాని వెనకే వచ్చిన కొత్త బిఎస్ సిక్స్ బండి ఫెయిలైంది. ఆ బండాయన కంపెనీ సైలెన్సర్ పీకేసి, వీధంతా అదిరేలా మోగేది బిగించుకున్నాడు. పొగను శుద్ధి చేసే జాలీ పాత సైలెన్సర్‌తో పాటే ఇంట్లో ఉండిపోయింది. "గా పాల బండి నాకంటె ఎక్కువ పొగ ఇడుస్తుంది మేడం. దానికి పాసు, నాకు ఫెయిలా?" అని కస్సుమన్నాడు.

"అది ఒకటో తరగతి సదివింది, అఆలు రాస్తె పాస్. నీ బండి కాలేజి సదివింది. దానికి గూడ అఆల పేపరే ఇయ్యాల్నా?" అంది చిన్నమ్మ. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు, ఆయన తప్ప.

ఇంతకంటే తేలిగ్గా ఆ రూలును ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఏ బండినైనా అది పుట్టిన నాటి హద్దుతోనే కొలుస్తారు. పాత కార్బురేటర్ బండ్లకు హద్దు వదులు, కానీ ఆరు నెలలకోసారి రావాలి. బిఎస్ అంటే పొగకు సర్కారు పెట్టిన మెట్లు. నాలుగో మెట్టు, బిఎస్ ఫోర్ నుంచి హద్దు బిగిసింది, ఏడాదికోసారి వస్తే చాలు. బిఎస్ సిక్స్ ఫ్యాక్టరీ నుంచే ఇంకా శుభ్రంగా రావాలి, అందుకే అందులో పెట్రోలును కంప్యూటరే కొలిచి ఇంజిన్‌కు ఇస్తుంది. నాలుగు తర్వాత ఐదు ఏమైందని అడిగితే, "డబుల్ ప్రమోషన్ గొట్టిండ్రు" అనేది.

అసలు పరీక్ష మా ఇంట్లోంచే వచ్చింది. మా బాపు బొగ్గు గనిలో పని చేసి రిటైరై కరీంనగర్ వచ్చాడు. షిఫ్టులకు తిరిగిన బండినే ఇక్కడికీ తెచ్చుకున్నాడు. దానిమీద మెకానిక్‌ను కూడా చెయ్యి వెయ్యనివ్వడు. అప్పటిదాకా ప్లేటు ఫొటోతోనే కాయిదం దొరికింది. ఈసారి మరదలే పరీక్ష చేస్తుంది కాబట్టి కాయిదం ఇంటికే వస్తుందని ధీమాగా ఉన్నాడు. చిన్నమ్మ బండిని తెప్పించింది, వరుసలో నిలబెట్టింది, అందరి ముందు ఫెయిల్ చేసింది.

"పరాయోని తీరుగ నన్ను ఫెయిల్ జేస్తవా?" అన్నాడు బాపు.

"నీకు ఉత్తగ పాసేసి, నీ ఎన్కాలున్నాయనకు ఫెయిలేస్తె నా మొఖం మీద ఉమ్మడా బావా?"

బాపు బండి నెట్టుకుంటూ వచ్చేశాడు. అవ్వ ఆయన వైపే నిలబడింది. ఆ ఏడు బతుకమ్మకు చెల్లెలిని పిలవలేదు. తోబుట్టువులు ఇక కలవరేమోనని నాకు భయం వేసింది.

పిలవకపోయినా చిన్నమ్మ వచ్చింది. ఒక ఆదివారం మెకానిక్‌ను వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది. "బండిని ఇడువ, బావను ఇడువ. కాయిదం మాత్రం ఉత్తగ ఇయ్య" అని, ఎవరి అనుమతీ అడక్కుండా బండి విప్పించింది.

గాలి పీల్చే ఫిల్టర్ దగ్గర మెకానిక్ చెయ్యి ఆగింది. దాని మూతి చుట్టూ ఒక గుడ్డ, తారు ముద్దలా నల్లగా బిగుసుకుపోయి ఉంది. గని దారిలో బొగ్గు దుమ్ము ఇంజిన్‌లోకి పోకుండా బాపే ఎప్పుడో కట్టి మరిచిపోయాడు. గాలి అందక, పెట్రోలు సరిగ్గా మండక, బండి నల్ల పొగ కక్కుతోంది.

చిన్నమ్మ ఆ గుడ్డను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. "ఏం బావా, నువ్వు దిగిపోయి ఇన్నేండ్లాయె, పాపం నీ బండి ఇంకా డ్యూటీల్నే ఉన్నదా?"

ముందు అవ్వ నవ్వింది. తర్వాత బాపు. మర్నాడు గొట్టం పెట్టాక బండి పాసైంది. ఆ రాత్రి చిన్నమ్మ మా ఇంట్లోనే తిన్నది.

ఆమె మొండితనం అంటే నాకు ప్రాణం. అయినవాళ్లు దూరమైనా పని వదల్లేదు, పని కోసం అయినవాళ్లనూ వదల్లేదు. అలాంటి మనిషి మా ఇంట్లో పుట్టినందుకు గర్వంగా ఉంది, ఇంత తొందరగా పోయినందుకు కోపంగా ఉంది.

మొన్న బాపు బండికి మళ్లీ గడువు వచ్చింది. ఇద్దరం వేరే వ్యాను దగ్గరికి వెళ్లాం. అందులో ఉన్నాయన ఫోన్ తీసి, "దిగకు కాకా, ప్లేటు ఫొటో చాలు" అన్నాడు.

బాపు దిగాడు. స్టాండ్ వేసి బండి స్టార్ట్ చేశాడు. "గొట్టం పెట్టు" అన్నాడు.

"పాసిస్తా అంటున్న గద కాకా!"

"ఫెయిలైతె ఫెయిలాయె. పెట్టు."

వెనక హారన్లు మోగుతున్నాయి. బాపు కదల్లేదు. వ్యానాయన గొణుక్కుంటూ లోపలికి వంగి గొట్టం చుట్ట బయటికి తీశాడు. దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. ఆయన పళ్లతో ఆ కవరు చింపుతుంటే, బాపు ఒక చెయ్యి సీటు మీద వేసి, వణుకుతున్న బండిని పట్టుకుని నిలబడ్డాడు.