కోర్టు లేచేదాకా

మా వైపు గేదెకు పారుడు రోగం పట్టి విరేచనాలైతే గంజాయి ఆకు బెల్లంతో నూరి మింగించేవాళ్లం. మా అత్త చేసింది, నేనూ చేశాను. ఆ ఏడాది మా గేదెకు, పక్కింటివాళ్ల గేదెకు ఒకేసారి పట్టుకుంది. ఆకు తెమ్మని మా ఆయన్ను వత్సవాయి పంపింది నేనే. ఆయన, పక్కింటాయన ఒకే సైకిలు మీద వెళ్లారు. చెరొక పొట్లం జేబులో వేసుకుని వస్తుంటే జగ్గయ్యపేట దగ్గర పోలీసులు ఆపారు. ఇద్దరి మీదా కేసు రాశారు.

అప్పటికి మా ఆయన, పక్కింటాయన ఇద్దరూ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీలు. పర్మినెంటు చేస్తారన్న మాట నడుస్తోంది. ఈ కేసుతో అదెక్కడ పోతుందోనని నా గుండెల్లో రాయి.

వాయిదా రోజు నందిగామ కోర్టు దగ్గర ప్లీడరు చెప్పాడు: "కొంచెమే దొరికింది కాబట్టి బతికారమ్మా. బస్తాలైతే పదేళ్లు. దీనికి ఆరు నెలల దాకా వెయ్యొచ్చు, జరిమానాతోనూ పోవచ్చు. ఒప్పుకుంటే ఇవాళే తేలిపోద్ది. ఒప్పుకోకపోతే సాక్షులు నిలబడాలి, నిలబడకపోతే కొట్టేస్తారు. కాకపోతే రెండు మూడేళ్లు తిరగాలి."

"తిరుగుతానండి. నేనేమన్నా దొంగనా? పశువుకు మందు తెచ్చా," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. "తిరుగు, తిరుగు! కేసు మెడకేసుకుని తిరిగేవాణ్ణి పర్మినెంటు చేస్తారా? ఒప్పుకుని ఇవాళ్టితో కడిగేసుకోవయ్యా!"

ఆయన నా వంక చూశాడు. బోనెక్కి ఒప్పుకున్నాడు. జరిమానా వేసి, కోర్టు లేచేదాకా, అంటే జడ్జిగారు ఆ రోజు పని ముగించి లేచేదాకా, అక్కడే కూర్చోమన్నారు. అదే జైలు శిక్షట. సాయంత్రం దాకా బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను వరండాలో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఎంత తేలిగ్గా పోయిందో అని.

పక్కింటాయన ఒప్పుకోలేదు. మూడేళ్లు వాయిదాలకు తిరిగాడు. సాక్షులు రాలేదు, కేసు కొట్టేశారు.

ఆ మూడేళ్లకే ఫ్యాక్టరీలో పర్మినెంటు కోసం కాగితాలు నింపించారు. ఏదైనా కేసులో శిక్ష పడిందా అని ఒక గడి ఉందట, గుమస్తా చదివి వినిపించాడు. లేదని రాయించమని మా ఆయన్ని బతిమాలాను. "ఒకసారి నీ మాట విన్నాగా," అని ఉన్నది రాయించాడు. మర్నాటి నుంచి గేటు దగ్గరే ఆపేశారు. పక్కింటాయన మాత్రం మా గుమ్మం ముందు నుంచే డ్యూటీకి వెళ్లేవాడు.

అప్పట్నుంచి అన్నానికి పిలిస్తే మా ఆయన ఒకటే అడిగేవాడు: "ఏమే, కోర్టు లేచిందా?"

ఒకరోజు తిట్టాను, ఒకరోజు ఏడ్చాను. తర్వాత రెండూ మానేశాను. ఆయన ప్రాణం పోయిన రోజు పొద్దున టీ గ్లాసు చేతికిస్తే, లేని ఓపిక తెచ్చుకుని మరీ అడిగాడు.

"లేచింది. తాగు," అన్నాను.